గోడంత అమ్మోరు, చీమంత అక్షరం

మొన్న మోకాళ్ల నొప్పులకని మా మనవడు నన్ను నరసరావుపేటలో ఆస్పత్రికి తీసుకుపోయాడు. చీటీ చేతిలో పట్టుకుని వసారాలో బల్ల మీద కూర్చున్నాను. ఎదురుగా గోడకు ఒక పెద్ద రంగుల కాగితం ఉంది. దాని నిండా గుండ్రాలు, బాణాలు, ముక్కలుగా కోసిన రొట్టెలాంటి ఒక చక్రం, ఒక నీళ్ల డ్రమ్ము, దాని మీద వాలబోతున్న దోమ. కళ్లద్దాలు సర్దుకుని చూశాను గానీ ఏ బాణం ఎటునుంచి ఎటు పోతున్నదో నాకే అంతుపట్టలేదు. పక్కన జ్వరంతో ఉన్న బిడ్డను ఒళ్లో వేసుకుని కూర్చున్న ఒక పల్లెటూరి అమ్మాయి కూడా ఆ కాగితాన్నే చూసి చూసి, చివరకు నా వైపు తిరిగి, “ఏంది పెద్దమ్మా, దోమలకు డ్రమ్ములో నీళ్లు పెట్టమంటన్నారా?” అని అడిగింది. తమాషాకు అడగలేదు. ఆ బొమ్మ ఏం చెబుతున్నదో అదే అడిగింది.

మా మనవడు పక్కకు తిరిగి నవ్వాడు. దాన్ని ఇన్ఫోగ్రాఫిక్ అంటారనీ, చదువు రానివాళ్లకు కూడా ఒక్క చూపులో విషయం తెలిసేలా బొమ్మలతో చెప్పే కొత్త పద్ధతనీ నాకు బోధించాడు. కొత్త పద్ధతట! నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. నవ్వుతావేంరా, నవ్వాల్సింది ఆ పిల్లను చూసి కాదు, అది గీసినవాణ్ణి చూసి అని అందరి ముందూ కేకలేశాను. వాడు బీపీ, బీపీ అంటూ నన్ను బయటికి నడిపించాడు. నిజమే, బీపీ పెరిగింది, పెరగదా మరి? బొమ్మతో మాట చెప్పడమూ కొత్త కాదు, ఆ బొమ్మను ఎవరినీ అడక్కుండా గీసి పారేసి జనం కొంప ముంచడమూ కొత్త కాదు. నాకు తొంభై దాటాయి. ఈ కోపం నాకు పధ్నాలుగో పదిహేనో ఏట పట్టుకుంది, ఇంతవరకూ దిగలేదు. నా ఈడువాళ్లు ఎంతమంది మిగిలారో తెలియదు గానీ, మిగిలినవాళ్లు వినండి, మీకైతే కలరా అంటే ఏమిటో విడమరిచి చెప్పనక్కర్లేదు.

మాది రొంపిచెర్లకు బండి దోవలో ఉండే మెట్ట పల్లె. అప్పటికి సాగరు కాలువలు లేవు, ఆ మాటకొస్తే సాగరే లేదు. జొన్న, కంది, పత్తి, మిరప, అన్నీ వాన మీద బతికేవే. రాళ్లకు మాత్రం ఎప్పుడూ కరువు లేదు, ఇంటి గోడలూ అరుగులూ గొడ్ల కొట్టాలూ అన్నీ నాపరాళ్లే. ఊరంతటికీ తాగే నీళ్లకు ఒక్కటే దిగుడుబావి. ఎండలు ముదిరాయంటే నీళ్లు అడుగంటి, మెట్లన్నీ దిగి, ఆ నీళ్లలోనే కాళ్లు పెట్టి నిలబడి బిందె ముంచుకోవాలి. పైమెట్ల మీద బట్టలు జాడించేవాళ్లు జాడిస్తూనే ఉండేవాళ్లు, ఆ నీళ్లు మళ్లీ బావిలోకే జారేవి. ఇంకా తెల్లవాళ్ల రాజ్యమే. యుద్ధం అయిపోయిందని పెద్దవాళ్లు చెప్పుకునేవాళ్లు గానీ మా ఇంట్లో దీపానికి కిరసనాయిలు దొరకడం కష్టంగానే ఉండేది.

ఆ ఎండాకాలం మా అక్క తొలికానుపుకు పుట్టింట్లో ఉంది. ఆమెను మాచర్ల వైపు ఇచ్చారు. ఆడపిల్లను కన్నది, నెల దాటింది, ఇంకా బాలింత గదిలోనే ఉంది. మా అక్క గురించి చెప్పాలంటే ఏం చెప్పను, నోరు మూత పడేది కాదు, కాలు నిలిచేది కాదు, నవ్వు వస్తే పమిట నోట్లో కుక్కుకునేది, అయినా ఆగేది కాదు. గదిలో కూర్చోబెడితే ఆమెకు జైల్లో పెట్టినట్టుండేది. నన్ను కిటికీ దగ్గరికి పిలిచి, ఊళ్లో ఎవరింట్లో ఏం జరిగిందో చెప్పమని ప్రాణం తీసేది. బిడ్డను దొరసానీ అని పిలిచేది, ఎందుకంటే అది ఏడిస్తే ఇంట్లో అందరూ లేచి నిలబడాల్సిందేనని. బాలింతకు దిగుడుబావి నీళ్లు పడవు, వాతం చేస్తుందని మా అమ్మ నమ్మకం. అందుకని అక్కకు తాగేందుకు మాత్రం మా చేలో మోటబావి నుంచి రోజూ కావిడితో నీళ్లు వచ్చేవి. ఈ మాట గుర్తుంచుకోండి, నా కోపమంతా దీని దగ్గరే ఉంది.

తిరనాళ్లకు పోయొచ్చిన బండ్లతో పాటే ఊళ్లోకి కలరా వచ్చింది. మా వాళ్లు గత్తర అనేవాళ్లు. పొద్దున చేనికి పోయినవాడు సాయంత్రానికి వాంతులు, విరేచనాలతో కళ్లు గుంటలు పడి పడుకునేవాడు. ఊళ్లో అక్షరమ్ముక్క పూర్తిగా వచ్చినవాడు ఒక్క బడిపంతులే, ఆయన మొదటి పాడె లేచిన పూటే తట్టాబుట్టా సర్దుకుని అత్తగారి ఊరు పోయాడు. ఆ సమయంలో తాలూకా ఆఫీసు నుంచి బిళ్ల బంట్రోతులిద్దరు బండిలో వచ్చి, బావి పక్కనున్న నాపరాతి గోడకు గంజి పూసి ఒక పెద్ద కాగితం అంటించారు. అంటించి, ఊళ్లో మంచినీళ్లయినా ముట్టకుండా అదే బండిలో వెళ్లిపోయారు. ఏందయ్యా ఇది అని అడిగినవాళ్లకు, అంతా దాంట్లోనే ఉంది చూసుకోండి అన్నారట.

చూసుకున్నాం. ఆ బొమ్మ ఇప్పటికీ నా కళ్లకు కట్టినట్టుంది. గోడంత ఎత్తున ఒక ఆడమనిషి, నల్లటి ఒళ్లు, విరబోసుకున్న జుట్టు, చింతనిప్పుల్లాంటి కళ్లు, బయటికొచ్చిన ఎర్రటి నాలుక, ఒక్కొక్క పన్నూ లెక్క పెట్టేంత వివరంగా. మెడలో పుర్రెలు. చేతిలో కుండ. ఆ కుండలోంచి ఏదో ఒక బావిలోకి పోస్తున్నది. బావి చుట్టూ జనం పడిపోయి ఉన్నారు. అన్నిటికీ అడుగున, కాగితం అంచు వెంబడి, చీమలు బారు తీరినట్టు నాలుగు వరుసల అక్షరాలు. ఆ గీసినవాడు కలరాను ఆడదెయ్యంగా చూపించాలనుకున్నాడు, నీళ్ల ద్వారా వస్తుందని చెప్పాలనుకున్నాడు. మద్రాసులోనో ఇంకెక్కడో మేడ మీద కూర్చుని గీసి ఉంటాడు, చానా బాగుందని పక్కవాడు మెచ్చుకుని ఉంటాడు.

మా ఊరికి అది దెయ్యంగా ఎందుకు కనిపిస్తుంది? తరతరాలుగా మా వాళ్లకు ఆ రూపం ఎవరిదో తెలుసు. జబ్బు వచ్చినప్పుడు పసుపు నీళ్లు పోసి, వేపమండలు కట్టి, శాంతించమ్మా అని కాళ్ల మీద పడేది ఆ రూపం ముందే. కాగితాన్ని చూడగానే మా నాయనమ్మ చెప్పులు విడిచి రెండు చెంపలూ వేసుకుంది. మా పెదనాన్న, ఊరికి పెద్దమనిషి, బావి దగ్గర అందరినీ కూడేసి, అమ్మోరు మన బావిలో దిగిందని సర్కారోళ్లే చెప్పారు, ఇంకా చూస్తారేందిరా అన్నాడు. మా నాన్న వానాకాలం చదువు చదివినవాడు. ముందుకు వంగి కూడబలుక్కుంటూ ఆ అడుగు అక్షరాలు చదివాడు. “క్వథిత జలమును మాత్రమే పానము చేయవలయును” అని ఉంది. ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. చదివిన మా నాన్నకే అర్థం కాలేదు. జలము, పానము అనే రెండు మాటలు మాత్రం అందరికీ తెలుసు. ఆ జలమే తీర్థంగా పానం చేయమంటున్నారని మా పెదనాన్న తేల్చాడు. నన్నడిగితే ఆయన తప్పేమీ లేదు, ఆ బొమ్మ చూసి, ఆ మాట విని, ఇంకెవరైనా అంతే తేలుస్తారు.

మర్నాడు ఊరంతా బావి దగ్గరికి చేరింది. బొమ్మకు పసుపు రాశారు, కుంకం పెట్టారు, గాజులు కట్టారు, బిందెలకు బిందెలు పసుపు నీళ్లు ఆ కాగితం మీద పోశారు. అవన్నీ గోడ మీంచి మెట్ల మీదికి, మెట్ల మీంచి బావిలోకి పోయాయి. రోగి ఉన్న ఇంటి బిందె, రోగి లేని ఇంటి బిందె అన్నీ ఆ బావిలోనే మునిగాయి. తర్వాత ఆ నీళ్లే చెంబులతో ఇంటింటికీ తీర్థం పంచారు. గర్భిణులూ బాలింతలూ ముందు తాగాలన్నారు, అమ్మోరి కన్ను ముందు వాళ్ల మీదే పడుతుందట. మా పెదనాన్న స్వయంగా చెంబు తెచ్చి గది గడప దగ్గర నిలబడ్డాడు. అక్క దోసిలి పట్టి కళ్లకద్దుకుని తాగింది. బిడ్డకు కూడా ఒక చుక్క పోయమని నాయనమ్మ అంటే, “ఇప్పుడే కన్ను మూసింది నాయనమ్మా, దొరసాన్ని లేపితే మీరే ఎత్తుకోవాల” అని నవ్వింది. బిడ్డ నిద్ర కోసం అన్న ఆ మాటే బిడ్డను కాపాడింది. ఆ ఎండాకాలం మొత్తంలో మా అక్క దిగుడుబావి నీళ్లు తాగింది ఆ ఒక్కసారే.

ఆ తర్వాత జరిగింది ఎక్కువ చెప్పను. నాకు చెప్పడం రాదు. మా అక్క పోయింది. కాటికి తీసుకుపోయేటప్పుడు కూడా ఆ గోడ ముందు పాడె దించి దండం పెట్టించారు.

అంతా అయ్యాక హెల్తు ఇన్స్పెక్టరు వచ్చాడు. తెల్ల ప్యాంటు, నెత్తిన టోపీ, వెంట సూదిమందుల పెట్టె మోస్తూ ఒక ముసలి కాంపౌండరు. ఆయన బావి దగ్గర ఆ కాగితం చూశాడు. దాని మీద వేలాడుతున్న గాజులూ, కుంకమూ, అడుగున ఎండిపోయిన నైవేద్యమూ చూశాడు. చూసి నవ్వాడండీ! పగలబడి నవ్వాడు. కలరా నోటీసుకు కొబ్బరికాయ కొట్టారా, మీలాంటి మూఢులను దేవుడు కూడా బాగు చేయలేడు అన్నాడు. ఊళ్లో ఆ పూటకు ఏడుపు ఆగని ఇల్లు మాది ఒక్కటే కాదు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, చేతగాని బొమ్మ గీసి తప్పు చూసినవాళ్లదంటాడు! ఆ నవ్వు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. మొన్న ఆస్పత్రిలో మనవడు నవ్వినప్పుడు నేను అంతలా ఎందుకు అరిచానో ఇప్పుడు మీకు తెలిసే ఉంటుంది.

ఆ కాంపౌండరు మాత్రం మా వైపు మనిషే. సూదులు వేస్తూ మా ఇంటి అరుగు మీద కూర్చున్నప్పుడు మా అమ్మ బిడ్డను భుజానేసుకుని ఆయన ముందు నిలబడింది. అప్పటికి పసిదానికి మేకపాలే గతి, దూది వత్తితో చుక్క చుక్క తాగించేవాళ్లం, ఆ పాలలో కలిపే నీళ్లు ఏ బావివి పోయాలో అడగాలని అమ్మ వచ్చింది. ఆయన నిదానంగా చెప్పాడు. “నీళ్లల్లో పురుగుంటది తల్లీ, కంటికి ఆనదు. రోగి గుడ్డలు బావి మెట్ల మీద ఉతికితే నీళ్లల్లో కలుస్తది. కాగబెడితే చస్తది. కాగబెట్టి చల్లార్చి తాగితే చాలు, ఏమీ కాదు.” మా అమ్మ, ఈ ముక్క ఆ కాయితంలో ఎక్కడుందయ్యా అని అడిగింది. ఆయన తల వంచుకుని, అడుగున ఉందమ్మా, అక్షరాల్లో ఉంది, క్వథితమంటే కాగబెట్టిందనే అన్నాడు.

“అమ్మోరేమో గోడంత గీశారు. కాగబెట్టే మాటేమో చీమంత రాశారు,” అన్నది మా అమ్మ. “ఏది పెద్దగుంటే అదేగదయ్యా కనపడేది.”

అని, బిడ్డను నా చేతుల్లో పెట్టి, నన్ను వెంట రమ్మని, బావి దగ్గరికి నడిచింది. నీళ్లకొచ్చిన ఆడవాళ్లు, ఇన్స్పెక్టరు వచ్చాడని చేరిన మగవాళ్లు చూస్తుండగానే ఆ కాగితం పై అంచు గోళ్లతో లేపి ఒక్క లాగు లాగింది. పసుపునీళ్లకు నాని ఎండిన కాగితం, పెళ్లలు పెళ్లలుగా వచ్చింది. ఊరంతా హాహాకారాలు చేసింది. నాయనమ్మ నేల మీద పడి పొర్లింది. మా పెదనాన్న, “ఏమే, నీకేమన్నా పిచ్చెక్కిందా? ఆ పసిగుడ్డన్నా దక్కనియ్యవా?” అని అరిచాడు. ఇటు ఇన్స్పెక్టరు, అది సర్కారు నోటీసు, చించితే కేసవుతుంది, మునసబు ఎక్కడ, పిలవండి అంటున్నాడు. ఒకే కాగితం, ఊరికేమో దేవత, ఆఫీసుకేమో సర్కారు సొత్తు. మా అమ్మకు మాత్రం కూతుర్ని మింగిన కాగితం. ఆమె ఇద్దరికీ ఒకటే చెప్పింది. “ఇది అమ్మోరైతే నా చేతులు పడిపోవాల. పడలేదు. సర్కారుదైతే నన్ను తీసకపోండి. పిల్లను చూసుకునేదానికి మనిషిని పెట్టి తీసకపోండి.” ఎవరూ ముందుకు రాలేదు.

ఆ రోజు నుంచి ఊరి కళ్లన్నీ ఆ బిడ్డ మీదే. అమ్మోరిని చించిన ఇంట్లో పసిపిల్ల బతుకుతుందా పోతుందా అని కనిపెట్టుకుని ఉన్నారు. మా గడప ఎవరూ తొక్కలేదు. మా అమ్మ మాత్రం బిడ్డ పాలలో కాగబెట్టి చల్లార్చిన నీళ్లే కలిపేది. బిడ్డకు ఒక్క విరేచనం అయితే మా అమ్మ మొహం చూడలేకపోయేవాళ్లం. బిడ్డ పోతే పోయేది బిడ్డ ఒక్కతే కాదు, కాగబెట్టే మాట కూడా దాంతో పాటే పోతుంది, ఆ ఊళ్లో ఇంకెవరూ కుండ పొయ్యి మీద పెట్టరు. ఈ సంగతి మా అమ్మకు బాగా తెలుసు.

దుఃఖంలో ఉన్న మనిషి ఏం చేస్తుంది? పడుకుని ఏడుస్తుంది. మా అమ్మ సున్నం నానేసింది, ఎర్రమన్ను కలిపింది. పెళ్లిళ్లకూ పండగలకూ మా వైపు గోడలకు ఎర్రమన్ను అలికి సున్నంతో బొమ్మలు వేయడం అలవాటే, ఆ పనిలో మా అమ్మ చెయ్యి తిరిగిందే. చించిన కాగితం ఉన్నచోటే ఎర్రగా అలికి, దాని మీద గీయడానికి కూర్చుంది. నేను బిడ్డను చంకనేసుకుని సున్నం అందిస్తూ, నాకు తోచిన సలహాలు చెబుతూ ఉన్నాను. పురుగును కూడా గీద్దామే అన్నాను. “కనపడని దాన్ని గీస్తే మళ్లా దండం పెడతారే,” అన్నది. గీయలేదు.

ముందు బావి గీసింది. మెట్ల మీద గుడ్డలు ఉతికే మనిషిని గీసింది. ఇది చేయకూడదని ఎట్లా చెప్పడం? బళ్లో పంతులు తప్పు లెక్కకు పెట్టే అడ్డగీతలు పెడదామన్నాను నేను. మా అమ్మ ఒప్పుకోలేదు. సంతకం రానివాళ్లు మునసబు ముందు కాగితం మీద పెట్టే నిశానీ అట్లాగే ఉంటుంది, ఒప్పుకున్నామనుకుంటారు అన్నది. ఆలోచించి ఆలోచించి, ఆ మనిషి ముందు ఒక ముళ్లకంప గీసింది. చేలోకి గొడ్లు రాకుండా, దొడ్లోకి మనుషులు రాకుండా దోవకు అడ్డంగా కంప వేయడం పల్నాట్లో పుట్టినవాడెవడికి తెలియదు? కంప ఉంటే అటు పోకూడదు, అంతే. ఆ తర్వాత మూడు రాళ్ల పొయ్యి, దాని మీద కుండ, ఆ పక్కన చల్లారబోసిన నీళ్లు తాగుతున్న ఆడమనిషి, ఆమె ఒళ్లో బిడ్డ. ఏది ముందో ఏది వెనకో తెలియాలి కదా! కృష్ణాష్టమికి గడపలోంచి దేవుడి గూటి దాకా చిన్ని పాదాలు వేస్తామే, ఆ పాదాలు వేసింది, బావి నుంచి పొయ్యికి, పొయ్యి నుంచి చల్లార్చే కుండకు, అక్కడి నుంచి ఆడమనిషికి. కుండ అన్నిటికన్నా పెద్దగా గీసింది, నా భుజం ఎత్తున.

అంతటితో అయిపోలేదు. నీళ్లకు వచ్చిన ప్రతి మనిషినీ ఆపి, ఇదేందో చెప్పు అని అడిగేది. మాతో మాట్లాడనివాళ్లు కూడా బొమ్మ చూడకుండా ఉండలేరు కదా. బట్టలుతికే అవ్వ ఒకావిడ ఉండేది, చూపు సరిగ్గా ఆనేది కాదు, నోరు మాత్రం గట్టిది. ఆమె కుండ మీద మా అమ్మ గీసిన ఆవిరి గీతలు చూసి, కుండలో పాములెందుకే అన్నది. నాకు నవ్వొచ్చింది. మా అమ్మకు నవ్వు రాలేదు, తడిగుడ్డతో చెరిపేసి, ఆవిరి బదులు పొయ్యిలో మంటలు పెద్దవి చేసి, కుండలో బుడగలు గీసింది. మళ్లీ అవ్వనే పిలిచింది. “ఎసరు మరగతంది,” అన్నది అవ్వ. అప్పుడు గానీ మా అమ్మ చెయ్యి కడుక్కోలేదు. చూశారా, ఇదండీ నేను చెప్పేది. ఒక్క మనిషిని అడగడం, అంతే. ఆ గోడంత దెయ్యాన్ని గీసినవాడు కాగితం అచ్చుకు పంపే ముందు ఒక్క బావి దగ్గర ఒక్క ఆడమనిషిని ఇదేందమ్మా అని అడిగి ఉంటే, మా అక్క నా పక్కన ముసలిదై కూర్చుని నాతో పోట్లాడుతూ ఉండేది.

ఊరు ఒక్కసారిగా మారిందని అబద్ధం చెప్పను. తాగే నీళ్లకు కూడా పొయ్యి ముట్టించాలా, కంది కంప మీ అయ్య ఇస్తాడా అని అడిగినవాళ్లున్నారు. వాళ్లు అడిగిందాంట్లో తప్పేముంది, ఎండాకాలం వంటకే పుల్లలుండవు. కానీ రోజులు గడిచేకొద్దీ మా దొరసాని పోకపోగా బుగ్గలు పెంచింది, బోర్లా పడింది, వసారాలో కేకలు పెట్టింది. అటు పోయేవాళ్లు ఆగి చూసేవాళ్లు. మొదట ఒకామె, తర్వాత ఆమె తోడికోడలు, సద్దు చేయకుండా కుండ పొయ్యి మీద పెట్టడం మొదలుపెట్టారు. మెట్ల మీద గుడ్డలు ఉతకడం ఆగింది. ఎవరో నిజంగానే ఒక ముళ్లకంప తెచ్చి ఆ మెట్టు మీద పడేశారు.

వానలు పడ్డాక ఇన్స్పెక్టరు మళ్లీ వచ్చాడు. చంకలో అదే దెయ్యం బొమ్మ కొత్త కాగితం! మా అమ్మ గీసిన గోడ చూసి, ఎవరీ పిచ్చిగీతలు గీసింది, పై అధికారి చూస్తే నా ఉద్యోగం ఊడుతుంది అని, వెంట వచ్చిన తలారిని దాని మీదే గంజి పూయమన్నాడు. తలారి చేతిలో గంజి కుండతో గోడ దగ్గరికి పోయేసరికి నీళ్లకు వచ్చిన ఆడవాళ్లు బిందెలు చంకన పెట్టుకుని గోడకు అడ్డంగా నిలబడ్డారు. ఎవరూ ఎవరితో అనుకుని చేసింది కాదు. బట్టలుతికే అవ్వ ముందుకొచ్చి, “అబ్బాయా, ఆ అమ్మోరిని మీ ఆఫీసులో పెట్టుకుని మొక్కుకోండి. మా కుండ జోలికి రామాక,” అన్నది. ఆయన మొహం కందగడ్డ చేసుకుని, ఆ కాగితం చుట్టను మునసబు ఇంట్లో పడేసి పోయాడు. మా గోడ దక్కింది.

కానీ ఆ కాగితం మా ఒక్క ఊరికే అచ్చు వేశారా? మా చుట్టుపక్కల పల్లెలన్నిటిలోనూ అదే బొమ్మ అంటించారు. మా అమ్మలాంటి మనిషి ప్రతి ఊళ్లోనూ ఉండదు. ఎన్ని బావుల దగ్గర పసుపు నీళ్లు పోశారో, ఎంతమంది బాలింతలు దోసిళ్లు పట్టారో, ఏ ఆఫీసులో ఎవరూ రాసిపెట్టి ఉండరు. జనం మూఢులు, అందుకే చచ్చారు అని మాత్రం రాసే ఉంటారు. నాకు ఒళ్లు మండేది అందుకే. గీసినవాడు ఎవడో నాకు తెలియదు, చచ్చి ఎక్కడున్నాడో తెలియదు. తెలిస్తే అక్కడికి వెళ్లయినా అడుగుతాను.

మా దొరసాని నిజంగానే పెరిగింది. మా అమ్మ చేతుల్లోనే పెరిగింది, పెళ్లయింది, ఇప్పుడు తనకూ మనవలున్నారు. దానికి ఆరేడేళ్లప్పుడు, తోటి పిల్లలెవరో ఏదో అన్నారని ఏడుస్తూ వచ్చి, తన కన్నతల్లి ఎట్లా ఉండేదో గీయమని అమ్మమ్మను పట్టుకుంది. మా ఇళ్లలో ఫోటోలెక్కడివి అప్పుడు? అక్కకు పెళ్లప్పుడు కూడా ఫోటో తీయలేదు. మా అమ్మ సున్నం కలుపుకుని దొడ్లో గోడ ముందు కూర్చుంది. జడ గీసింది, గాజులు గీసింది, నోటికి అడ్డం పెట్టుకున్న పమిట చెంగు గీసింది. చూస్తుంటే అక్కే, అట్లాగే వంగి నవ్వుతున్నది. మొహం దగ్గరికి వచ్చేసరికి చెయ్యి ఆడలేదు. పుల్ల పట్టుకుని అట్లాగే కూర్చుంది, సున్నం ఎండిపోయింది. నన్ను గీయమన్నది. నాకూ రాలేదు. అంత బాగా తెలిసిన మొహం, కళ్లు మూస్తే కనపడుతుంది, కళ్లు తెరిస్తే గోడ మీదికి రాదు. ఆ పిల్ల కాసేపు చూసి, వేలికి కుంకం అంటించుకుని ఆ ఖాళీ గుండ్రంలో బొట్టు పెట్టింది.

ఆ గోడ ఏనాడో కూలింది, బావిని పూడ్చారు. ఇప్పుడు ఇంటింటికీ కుళాయిలు, చేతిచేతికీ ఫోన్లు. మా ఇంట్లో నిన్నగాక మొన్న పుట్టిన దాని మొహం కూడా వేలకు వేలుగా ఉంది వాటిలో. నవ్వితే ఒకటి, ఆవలిస్తే ఒకటి. మంచిదే, నేను కాదనను, చూసి మురుస్తాను కూడా. కానీ ఆ రోజుల్లో రంగుల సిరా ఉంది, పెద్ద కాగితం ఉంది, అచ్చు యంత్రం ఉంది, గీసేందుకు జీతమిచ్చి పెట్టుకున్న మనిషి ఉన్నాడు. అన్నీ ఉండి ఒక దెయ్యం మొహాన్ని పన్ను పన్నునా అచ్చు వేసి ఊరూరా అంటించారు. మా అక్క మొహం మాత్రం ఏ కాగితం మీదా లేదు. అది నా ఒక్కదాని కళ్లలోనే ఉంది, నాతోనే పోతుంది.